మూడుసార్లు నయమైన మనిషి

సాంటా అయుగికి మా ఆస్పత్రిలో మూడోసారి కూడా క్షయ సంపూర్ణంగా నయమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మా లాంగో ప్రాంతంలో ఒకే మనిషికి ఇంత ఆరోగ్యం దక్కడం ఇదే మొదలు.

సాంటా సంతలో ఎండుచేపలు అమ్మేది. హెచ్.ఐ.వి. మాత్రలు పన్నెండేళ్లుగా ఒక్క పూట తప్పలేదు. క్షయ మొదటిసారి నిజంగానే వచ్చింది, నిజంగానే పోయింది. పోతూ పోతూ ఊపిరితిత్తిలో ఒక గుంట మిగిల్చింది. ఆ తర్వాత ఆవిడ కళ్లెలో మాకు క్షయ క్రిమి ఎన్నడూ కనబడలేదు, రక్తం మాత్రం కనబడేది. కనబడని క్రిమికే మరో రెండుసార్లు ఆర్నెల్ల చొప్పున మందులు మింగించాం. మందులు పూర్తిచేసినవారికి సభ పెట్టి, పసుపు టీషర్టూ ధ్రువపత్రమూ ఇవ్వడం మా ఆనవాయితీ.

మూడో విడత మందుల మధ్యలో రాజధాని కంపాలా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఎక్స్‌రే చూసింది. "ఇది క్షయ కాదండీ. ఆ పాత గుంటలో బూజు ఉండకట్టింది. దీని మాత్రలు వేరే, వెంటనే తెప్పించండి. లేకపోతే మనిషి దక్కదు" అంది.

తెప్పించాలంటే జబ్బు రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరు రాసేది నేనే. అందులో క్షయకి ఒక గడి, హెచ్.ఐ.వి.కి ఒక గడి ఉన్నాయి. బూజుకి లేదు. పెద్ద డాక్టరు ఒంగోమ్ గారు గడి లేని జబ్బును గుర్తించరు.

"తమ్ముడూ, ఒక్క గీతే కదా, నువ్వే గీసెయ్యరాదూ?" అంది సాంటా.

"జిల్లా నుంచి ఉత్తర్వు రావాలక్కా."

"రానీలే. రెండు టీషర్టులున్నాయిగా, అందాకా మార్చి మార్చి తొడుక్కుంటా" అని నవ్వబోయి దగ్గింది. ఆవిడంటే నాకు ప్రాణం. అందుకే దరఖాస్తు ఆ రోజే పంపాను.

మూడో సభలో ఒంగోమ్ గారు ఉప్పొంగిపోయారు. "ఈమెను చూసి నేర్చుకోండి! ఎదురు మాట లేదు, మొండితనం లేదు. మేం ఎన్నిసార్లు నయం చేస్తే అన్నిసార్లు నయమైంది!" చప్పట్లు మోగుతుండగా సాంటా కొత్త టీషర్టు మీద రక్తం కక్కుకుంది. వెంటనే ఇంకోటి ఇప్పించారు. మా వాళ్ల ఉదారత అలాంటిది.

తొమ్మిదో రోజున పోయింది. అంత్యక్రియల్లో కూడా ఒంగోమ్ గారు మాట్లాడారు: "ఆమె క్షయతో మాత్రం చనిపోలేదు, అది మన విజయం." అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఉత్తర్వు ఇంకా రాలేదు. నిన్న స్కేలు తీసి నేనే ఆ గీత గీశాను. అర నిమిషం పట్టింది.