విజయనగరం వాడి కాలి కట్టు

చదివేవారికి ముందే ఒక మాట. నేను పలక పట్టింది యాభై దాటాక, రాత్రి బడిలో. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక్కో పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. కథ మాత్రం నాలా నిదానంగా నడవదు. దాన్ని నడిపించిన మనిషి నిదానస్తుడు కాడు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో అరవై తొమ్మిదో, వేసవి. నౌపడ ఉప్పు మడుల దగ్గర కాపలా ఉండే అప్పలసూరి ఆ ఆదివారం పొద్దున్నే లేచి ఆ రోజు పనులు అనుకున్నాడు. రాశులు చూసి రావాలి. షీల్డు తోమాలి. సాయంత్రం విజయనగరం మీద ఫుట్‌బాల్ మ్యాచ్ గెలవాలి. జన్మలో బంతిని కాలితో తాకినవాడు కాడు గానీ, గెలవడం కూడా తన పనే అని ఆయన నమ్మకం.

ఉప్పు రాశి పోయగానే దాని ఒంటి నిండా చెక్క ముద్ర అద్దుతారు. రాత్రి ఎవరైనా ఒక గంపెడు ఎత్తుకుపోతే ఆ ముద్ర చెదిరిపోతుంది. ముద్ర లేకపోతే ఏ రాశి ఏ ఆసామిదో దేవుడు కూడా చెప్పలేడు. పొద్దున్నే ఆ ముద్రలు చూసుకుని రావడమే అప్పలసూరి ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి మనుషుల మీద కూడా ముద్ర చెదిరిందేమోనని వెతకడం అలవాటైపోయింది. పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిశాయనుకునేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిశాయనుకునేవాడు.

ఇక షీల్డు సంగతి. చెక్క మీద ఇత్తడి రేకు కొట్టి, మధ్యలో బంతి బొమ్మ చెక్కినది. నౌపడ జట్టు రెండేళ్ళు వరుసగా గెలిచి తెచ్చుకుంది. మూడోసారి గెలిస్తే ఇక శాశ్వతంగా నౌపడకే ఉండిపోతుంది. క్లబ్బుకి గది లేదు కాబట్టి అది అప్పలసూరి ఇంటి ముందు గదిలో మేకుకి వేలాడేది. అంతకు ముందు ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఎండుచేపల వ్యాపారం చేసే భార్య లక్ష్మణమ్మ చుట్టుపక్కల సంతలన్నిటికీ తెలిసిన మనిషి. ఆయన “లక్ష్మణమ్మ మొగుడు”. షీల్డు వచ్చాక “షీల్డు అప్పలసూరి” అయ్యాడు. ఆ సాయంత్రం ఓడితే షీల్డుతోపాటు ఆ పేరూ పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్ళిపోతుంది.

రాశులు చూసుకుని కూర్మయ్య టీ కొట్టు దగ్గరకు వచ్చేసరికి అక్కడ మ్యాచ్ అప్పుడే మొదలైపోయింది.

“ఈపాలి విజయనగరమోళ్ళకి ఏటీ నేదు బావా,” అన్నాడు కూర్మయ్య గ్లాసులు కడుగుతూ. “బ్యాకులు ముసిలోళ్ళయిపోనారు. గోల్‌కీపరు బంతొస్తే కళ్ళు మూసుకుంటాడంట. ఉన్నదల్లా ఆ కొత్త సెంటర్ ఫార్వర్డు గంగరాజు ఒక్కడే.”

“ఒక్కడే అని అంత తేలిగ్గా అనేస్తావేటి?” అప్పలసూరి బల్ల మీద కూర్చున్నాడు. “పోయినేడు బరంపురానికి ఆడినోడు ఆడు. మిల్లులో ఉజ్జోగమిస్తామంటే ఇటు దూకీసినాడు. జట్టు మార్సినోడు ఏటైనా మారుస్తాడు. ఎడం కాలికి ఆ పసుపు కట్టేటి? దెబ్బ తగిలినోడైతే కుంటాల గదా. ఆడు కుంటడు, లేడిలాగ పరిగెడతాడంట.”

“లోన ఇనప రేకుంటాదంటన్నారు మావా,” అన్నాడు చినబాబు. నౌపడ ఫార్వర్డు. ఆ ఏడాది ఇంకా ఒక్క గోలూ కొట్టలేదు. పెళ్ళి సంబంధాలు కుదరకపోవడానికి కూడా అదే కారణమని వాళ్ళమ్మ దిగులు.

“రేకు కాదు. పర్లాకిమిడి ఎల్లి మంత్రించిన గుడ్డ తెచ్చుకున్నాడు,” అన్నాడు కూర్మయ్య.

“రెండూ ఉండొచ్చు,” అన్నాడు అప్పలసూరి. ఆయన ఏ అనుమానాన్నీ వృథాగా పోనిచ్చేవాడు కాదు.

జట్టు కెప్టెను జగన్నాధం బ్యాకు ఆడతాడు. మడుల్లో పనికి పోతూ టీ కోసం ఆగాడు. “ఆడి మొకం నానెన్నడూ సూడనేదు మావా. ఎలా గుర్తుపట్టడం?”

“మొకంతో నీకేటి పని? ఆడు కళ్ళొక పక్క, కాలొక పక్క తిప్పి మోసం సేస్తాడు. మీ బ్యాకులెవులూ తలెత్తకండి. మొకాలు సూడొద్దు, కాళ్ళే సూడండి. పసుపు కట్టు ఎటెల్తే మీరూ అటే. గట్టు మీద జనానికీ సెప్పీసినాను. ఆ కట్టుకి బంతి అందితే సాలు, ఆడి సెవులు గింగుర్లెత్తీలాగ గోల పెడతారు.”

జగన్నాధం బుద్ధిగా తలూపి మడులకు వెళ్ళిపోయాడు.

పాసింజరు వచ్చింది. విజయనగరం జట్టు దిగింది. దిగినవాళ్ళందరికీ నున్నటి గుండ్లు. కిందటి మ్యాచ్ గెలిస్తే జట్టంతా తల ఇస్తామని సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నారట, తీర్చుకుని నేరుగా ఇటే వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ఎండకు పదకొండు గుండ్లూ ఒక్కలాగే మెరుస్తున్నాయి. అప్పలసూరికి ఆ మెరుపు నచ్చలేదు.

“మొక్కంట, మొక్కు. ఎవుడెవుడో తెలీకుండా సెయ్యడానికే ఈ గుండ్లు.”

“అయితే ఏటి బావా, కట్టుంది గదా,” అన్నాడు కూర్మయ్య.

ఉంది. చివరగా దిగినవాడి ఎడమ కాలికి, మడమ దగ్గర నుంచి పిక్క దాకా, పసుపు పచ్చటి గుడ్డ.

బయటి ఊరి జట్టు వస్తే ఇంటికొకరిని భోజనానికి తీసుకుపోవడం నౌపడలో రివాజు. అప్పలసూరి ముందుకు ఉరికి గంగరాజు చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఆలోచన ఇది. ఇంటికి వచ్చిన చుట్టానికి గుమ్మం దగ్గర కాళ్ళకు నీళ్ళిస్తాం. కాళ్ళు కడగాలంటే కట్టు విప్పాలి. విప్పితే రేకో తాయెత్తో కిందపడుతుంది.

లక్ష్మణమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. గంగరాజు కుడికాలు శుభ్రంగా కడుక్కున్నాడు. ఎడమ కాలు అరుగు మీద పెట్టి, వేళ్ళ మీద నాలుగు చుక్కలు చిలకరించుకుని లోపలికి నడిచాడు.

“ఆ కాలు?” అన్నాడు అప్పలసూరి.

“కట్టు తడవకూడదు బావా.”

“తడిస్తే ఏటవుతాది?”

“తడుస్తాది,” అన్నాడు గంగరాజు.

ఇంత సూటిగా జవాబు చెప్పినవాడు మంచివాడు అయ్యే వీలు లేదని అప్పలసూరికి రూఢి అయిపోయింది. ఇంక రెండో ఉపాయం. తిండి ఎక్కువైతే మనిషి నిద్రపోతాడు.

“పెట్టు లక్ష్మణా, ఇంకా పెట్టు. ఎండురొయ్యలు వెయ్యి.”

లక్ష్మణమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన తన సొంత తమ్ముడు వస్తేనే రెండో గరిటె లెక్కపెట్టే మనిషి. “ఏటీ ఇంత మర్యాద? ఒంట్లో బాగానే ఉన్నాదా నీకు?”

“ఊరి పరువే! నువ్వు పెట్టు.”

చుట్టం తింటుంటే ఇంటాయన చేతులు ముడుచుకుని కూర్చోకూడదు కదా. గంగరాజు ముద్దకు ముద్ద అప్పలసూరీ తినాల్సి వచ్చింది. వంకాయ, రొయ్యలు, చేపల పులుసు, మళ్ళీ పులుసు. కుర్రవాడు “అక్కా, ఈ పులుసు తిని సచ్చిపోయినా ఫర్లేదు” అంటూ అరుగు మీద మంచం ఎక్కి గుర్రు పెట్టాడు. అప్పలసూరి ఆయాసంతో గోడ పట్టుకుని లేచాడు. షీల్డు తోమడం సంగతి మరిచే పోయాడు. దాన్ని లక్ష్మణమ్మే చింతపండు వేసి తోమి పెట్టింది.

ఆవిడ గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళగానే అప్పలసూరి మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పాడు. గుడ్డ వచ్చింది. ఇంకా వచ్చింది. చీరలో సగం అంత వచ్చింది. లోపల రేకు లేదు, తాయెత్తు లేదు, గాయం కూడా లేదు. ఊళ్ళో ఎవరికైనా ఉండే కాలు లాంటి కాలు. అప్పలసూరి గుడ్డ కూడా దులిపి చూశాడు. ఏదైనా ఉంటే ఒక అనుమానం తీరేది. ఏమీ లేదంటే మహిమంతా ఆ గుడ్డలోనే ఉందన్నమాట. చుట్ట చుట్టి పంచెలో దోపుకుని టీ కొట్టుకు పరిగెత్తాడు. అంత తిండి తిన్నాక ఆయన పరుగు చూడాల్సిందే.

కూర్మయ్య గుడ్డ వాసన చూశాడు. “పసుపు. ఆముదం. ఇంకేటో ఉన్నాది.”

“ఆ ఇంకేటోనే!” అన్నాడు అప్పలసూరి. “కాల్చీమంటావా?”

“మంత్రించిన గుడ్డ కాలిస్తే, కాల్సినోడికి సుట్టుకుంటాది.”

చినబాబు ఆ గుడ్డ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. “కాల్చడమేటి మావా, నా కాలికి కట్టండి. ఆడికి గోల్స్ ఇచ్చిన గుడ్డ నాకు ఇవ్వదేటి? ఒక్క గోలు. ఒక్కటి కొడితే మాయమ్మ కళ్ళారా నా పెళ్ళి సూస్తాది.”

కూర్మయ్య తల గోక్కున్నాడు. ఇందులో ఏదో తిరకాసు ఉన్నట్టు ఆయనకు లీలగా అనిపించింది గానీ, అదేమిటో నోటికి అందలేదు. అప్పలసూరికి, ఆశ్చర్యంగా, ఈ ఒక్క విషయంలో ఏ అనుమానమూ రాలేదు. తన చేత్తోనే చినబాబు ఎడమ కాలికి కట్టు కట్టాడు. జగన్నాధం, తక్కిన బ్యాకులు మడుల్లో పని ముగించుకుని నేరుగా మైదానానికి వచ్చారు. ఈ సంగతి వాళ్ళకు చెప్పినవాడు లేడు.

టెక్కలి నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదాడు. రెండు జట్లకూ తెల్ల బనియన్లే. నౌపడ వాళ్ళకు జుట్టు ఉంది, విజయనగరం వాళ్ళకు లేదు, అంతే తేడా. అయితే నౌపడ బ్యాకులు తలలు చూస్తే కదా. నేల మీద పోయిన ముక్కుపుడకను వెతుకుతున్నట్టు ముగ్గురూ వంగి కాళ్ళు చూస్తున్నారు.

చినబాబుకు బంతి అందింది. పసుపు కట్టు ఎండలో మెరిసింది.

“అదిగో!” అని గట్టు మీద ఊరు ఊరంతా గోల పెట్టింది. డబ్బాలు మోగాయి. ఉప్పు మట్టి గడ్డలు ఎగిరి వచ్చి చినబాబు వీపున తగిలాయి. జగన్నాధం ఎద్దులా వచ్చి వాడి కాళ్ళ కింద నుంచి బంతి తన్నేశాడు.

“ఒరే, నానురా! సినబాబుని!” అని అరిచాడు వాడు, కింద పడి.

“మాటలతో మోసం సేస్తన్నాడు, వినకండి!” అని తలెత్తకుండానే అరిచాడు జగన్నాధం.

తన్నేసిన బంతి దొర్లుతూ పోయి ఒక గుండు ముందు ఆగింది. ఆ గుండు చుట్టూ కనుచూపు మేరలో ఎవరూ లేరు. వాడు తీరిగ్గా రెండడుగులు వేసి గోలు కొట్టాడు.

“కాళ్ళు కాదురా, తలకాయలు సూడండి! తలకాయలు!” అని అప్పలసూరి గట్టు పొడుగునా పరిగెత్తాడు. ఆ గోలలో ఆయన మాట ఆయనకే వినబడలేదు. జగన్నాధం తలెత్తేసరికి ఆట సగం అయింది. ఎత్తి మాత్రం ఏం లాభం? ఎటు చూసినా గుండ్లే. ఏ గుండు గంగరాజుదో తెలియదు. ఒక గుండు వెంట పడితే ఇంకొకటి గోలు కొడుతోంది. నిజానికి కొడుతున్నది ఒకటే గుండు. ఆ సంగతి కూడా తర్వాత ఎవరో చెప్పాల్సి వచ్చింది.

చివరి విజిల్ పడగానే అప్పలసూరి మైదానం మధ్యలోకి దూసుకుపోయాడు.

“సెల్లదు! మాస్టారూ, ఈ ఆట సెల్లదు! గంగరాజుకి కట్టుండాల. కట్టు నేనోడు గంగరాజు ఎలాగవుతాడు? ఆడి బదులు ఇంకెవుడో ఆడినాడు!”

డ్రిల్లు మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. “కట్టు ఉన్నవాడే గంగరాజంటావు.”

“అంతే!”

“కట్టు ఎవరి కాలికి ఉంది?”

అందరూ తిరిగి చూశారు. చినబాబు మట్టి కొట్టుకుని, మోకాలు ఊదుకుంటూ కూర్చున్నాడు.

“అయితే విజయనగరం ఆటగాడిని మీరు ఆడించారన్నమాట,” అన్నాడు మాస్టారు గంభీరంగా. “దీనికి జట్టును రెండేళ్ళు వెలి వెయ్యాలి.”

“అయ్యో, ఆడు మా సినబాబే బాబూ!” అని జగన్నాధం మాస్టారు చేతులు పట్టుకుని, అప్పలసూరి వైపు తిరిగాడు. “మరి మన సినబాబు కాలికి ఆడి కట్టేటి మావా?”

జవాబు తెలిసినవాడు అంతలో నవ్వుకుంటూ వచ్చాడు. గంగరాజు. వచ్చి అప్పలసూరి పాదాలు తాకాడు.

“నువ్వు సల్లగుండాల బావా! మాయమ్మ దిష్టి తగులుతాదని ఈ కట్టు కట్టీసి, నా సేత్తో ఇప్పనని ఒట్టేయించుకున్నాది. దీని మూలంగా ఏ ఊరెల్లినా ముగ్గురేసి నా కాలెనకాలే తిరగడం. ఒక్క బంతీ సుకంగా ఆడనేదు. ఎవులైనా ఇప్పేస్తే బాగుణ్ణని అందరు దేవుళ్ళకీ మొక్కినాను. ఇయాల తెలివొచ్చి సూస్తే కాలు కాలీ! అక్కనడిగితే తనకి తెలీదన్నాది. మరి ఇంట్లో ఇంకెవులున్నారు, నువ్వే గదా!”

అప్పటికి కూర్మయ్యకు మధ్యాహ్నం నుంచీ నోటికి అందని మాట అందింది.

“బావా, ఇన్నేళ్ళూ ముద్రలు కాసినావు. ఆఖరికి నీ సేత్తోనే ముద్ర సెరిపీసినావు గదరా.”

లక్ష్మణమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సంకలో షీల్డు, చింతపండుతో తోమి తళతళలాడుతూ. ఆవిడ కోపం ఓడినందుకు కాదు.

“అన్నం పెట్టి, నిద్దరోతన్న సుట్టం కాలి గుడ్డ ఎత్తుకుపోతావా? రేపు సంతలో నాను ఏ మొకం పెట్టుకుని కూకోవాల? ఇంద బాబూ, అట్టుకెల్లు. ఇది మా ఇంట ఉండకూడదు.” షీల్డు గంగరాజు చేతుల్లో పెట్టింది. చినబాబు విప్పి ఇచ్చిన కట్టు కూడా మడిచి ఇవ్వబోయింది.

“ఒద్దక్కా!” అని గంగరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. “అది మీ కాడే ఉండనీ. మాయమ్మకి మాత్రం సెప్పకండి.”

షీల్డు ఉన్న చోట గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. లక్ష్మణమ్మ ఆ మేకుకి పసుపు గుడ్డ తగిలించి, పొయ్యి మీద కుండలు దించడానికి వాడుకుంది. సంతలో ఎవరైనా అడిగితే ఆయన మళ్ళీ లక్ష్మణమ్మ మొగుడే. బయటి ఊళ్ళ జట్లు తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. అప్పలసూరి ఇంటికి మాత్రం ఆటగాళ్ళను ఎవరూ పంపలేదు, రిఫరీని పంపేవారు. ఆ రిఫరీ భోజనం చేసి, విజిల్ గుప్పిట్లో పట్టుకుని పడుకునేవాడు.

— గురమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. పుట్టి పెరిగింది నౌపడలో, ఇప్పుడు ఉంటున్నది విజయనగరంలో, కూతురి దగ్గర.