అటక ఎవరి కొమ్మ?

ఆఫీసులో ఆయన్ని శాఖాధిపతి అంటారు. పదవి పెద్దదేం కాదు. పాతికమంది ప్రోగ్రామర్లు ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూర్చుని కోడ్ రాసుకుంటారు. ఆ కొమ్మల్ని పరీక్షించి అసలు మానులో కలపడం ఆయన పని. ఆయన సరేననందే అక్కడ ఒక్క అక్షరం కదలదు. ఇంట్లో మాత్రం టీవీ ఛానెల్ కదలాలన్నా తల్లి అనుమతి, భార్య దయ, రెండూ కావాలి.

భార్య ఆయన్ని శాఖామృగం అంటుంది.

ఆరేళ్ళుగా క్యారమ్స్ పోటీల్లో సెమీఫైనల్లోనే చతికిలపడుతున్న ఆయన, ఈసారి జోడీ పుణ్యమా అని ఫైనల్‌కి చేరాడు. ఆట ఆదివారం పదింటికి. ఫ్రిజ్ మీద అంటించిన ఇంటిపనుల కాగితంలో, సరిగ్గా ఆ వేళకే, 'అటక దులపడం: ఆయన' అని ఉంది. కాగితం మీద కొట్టేస్తే దొరికిపోతాడు.

అందుకని బుధవారం టిఫిన్ దగ్గర ప్రకటించాడు. "ఇకనుంచి జాబితా కంప్యూటర్లో ఉంటుంది. ఎవరికి మార్పు కావాలన్నా, విడిగా ఒక కొమ్మ వేసుకుని అందులో రాసుకోండి. నేను చూసి అసలు జాబితాలో కలుపుతాను."

"మీ కొమ్మ ఎవరు చూస్తారు?" అంది భార్య.

"నేనే."

"బావుంది. పాలకి పిల్లి కాపలా."

"కొమ్మలేమిట్రా," అంది అమ్మ. "ఇల్లా, అడవా?"

ఇద్దరికీ గంటసేపు నేర్పాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారులే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆఫీసు నుంచి ఒక కొమ్మ వేసి, అందులో అటక పక్కనున్న తన పేరు చెరిపి, తనే పరీక్షించి, తనే మెచ్చుకుని, తనే కలిపేశాడు.

గురువారం నుంచి కొమ్మలు మొలిచాయి. శనివారానికి భార్యవి పదకొండు, అమ్మవి నాలుగు. తువ్వాళ్ళు మూడు మడతలా, నాలుగు మడతలా అన్నదానికే రెండు. ఆయన తల పట్టుకుని ఒక్కోటీ కలుపుతూ వచ్చాడు. చివరి రెండింటి దగ్గర యంత్రం మొరాయించింది. అటక పక్కనున్న ఖాళీలో భార్య 'అత్తయ్య' అని రాసింది, అమ్మ 'కోడలు' అని రాసింది. ఏది ఉంచాలో నువ్వే చెప్పమంది యంత్రం.

ఇలాంటి తగవులు ఆఫీసులో రోజుకి పది తీరుస్తాడు. కానీ ఆ ప్రోగ్రామర్లలో ఆయన్ని కన్నవాళ్ళు లేరు, కట్టుకున్నవాళ్ళు లేరు.

"మా అమ్మ నిచ్చెన ఎక్కగలదటే?" అన్నాడు వంటింట్లోకి వెళ్ళి.

"నేనెక్కమన్నానా? రాశానంతే. తేల్చేది మీరు. నా పేరే ఉంచండి. కోడలంటే లోకువే కదా."

అమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరే ఉంచరా నాయనా. నడుం విరిగితే విరుగుతుంది. కన్నకొడుకు కలిపినదాన్ని కాదంటానా."

"పోనీ, ఖాళీగా వదిలేస్తే?" అన్నాడు మళ్ళీ వంటింట్లోకొచ్చి.

"వదిలేయండి. జాబితా తేలేదాకా ఎవరూ ఏ పనీ చేయరు," అంది భార్య, స్టవ్ ఆర్పేస్తూ.

"వంట కూడానా?"

"అదీ ఆ జాబితాలోదే."

మూడు గంటలు ఆకలితో పోరాడాడు. ఆఖరికి ఆ రెండు పేర్లూ చెరిపి, 'నేనే' అని కొట్టి, కలిపేశాడు.

"కలిసిందా?" హాల్లోంచి రెండు గొంతులు ఒక్కసారే వినిపించాయి.

అత్తాకోడళ్ళు ఒకే మాట ఒకేసారి అనడం ఆ ఇంట్లో అదే మొదలు. అనుమానమొచ్చి పాత మార్పుల చిట్టా తెరిచాడు. ఏ అక్షరం ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి మార్చారో అందులో పడి ఉంటుంది. ఆ రెండు కొమ్మలూ గురువారం మధ్యాహ్నం, ఒకే ల్యాప్‌టాప్ నుంచి, రెండు నిమిషాల తేడాలో పుట్టాయి. వాటికింద బుధవారం నాటి తన చెరుపుడు. దాని పక్కనున్న వ్యాఖ్యల గడిలో ఒక్క మాట: 'చూశాం.'

"ఇద్దరూ కలిసే రాశారా?" అన్నాడు నీరసంగా.

"కలిసి రాయకపోతే గొడవ అంత బాగా వస్తుందట్రా?" అంది అమ్మ.

ఆదివారం పదిన్నరకి ఆయన అటక మీద తుమ్ముతుంటే ఫోన్ మోగింది. క్యారమ్స్ జోడీ.

"నువ్వు రాలేదని బాధపడకోయ్. నీ బదులు మీ ఆవిడ వచ్చి కూర్చుంది. ఇప్పుడే రెడ్ వేసి కవర్ కూడా చేసింది."

కింద నిచ్చెన పట్టుకున్న అమ్మ తలెత్తింది. "ఎవర్రా?"

"నీ కోడలు రెడ్ వేసిందట."

"వేస్తుంది. నేర్పింది నేనేగా," అంది అమ్మ. "ఆ మూల వదిలేశావు, చూడు."