తొమ్మిది వందల ఎనభై కిలోల రోగి

మా ఊరికి రోడ్డు లేదు. ఇక రాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

డుంబ్రిగుడ వెళ్లే తారు రోడ్డు పక్కన మా ఊరి పేరుతో ఒక బోర్డు ఉంది. ఆ బోర్డు నుంచి అర కిలోమీటరు ఎర్రమట్టి పోశారు. అక్కడ గెడ్డ, అంటే కొండవాగు, అడ్డం వచ్చింది. నీళ్లు ఆగలేదు గాని మట్టి ఆగిపోయింది. మిగతా రెండున్నర కిలోమీటర్లూ రాళ్లు, వేళ్లు, జలగలు. మా ఊరి సోంబరు కూతురు చిట్టికి ఎనిమిదో నెల వచ్చింది. నొప్పులొస్తే ఆ పిల్ల కొండ ఎలా దిగుతుందని మళ్లీ అర్జీ పెట్టాను. పాత జవాబే వచ్చింది: ఇరవై మూడు ఇళ్ల ఊరికి రోడ్డు వెయ్యడం ప్రభుత్వానికి బరువు.

ఎనిమిదేళ్లుగా ఈ విషయంలో నేను కోపంగా ఉన్నాను. పొరపాటు నాదే! తేలిగ్గా ఉండడం ఎంత గొప్ప వరమో నాకు తెలియలేదు. ఐదో తరగతి చదివినవాడికి ఎలా తెలుస్తుంది? ఒక కారు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

అది వచ్చే ఏడు బజారులోకి రాబోయే స్పోర్ట్స్ కారు. ఏ కంపెనీదో చెప్పను. చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో దాని సత్తా చూడడానికి అక్టోబరు వానల్లో తీసుకొచ్చారు. ఎవరి కంటా పడకూడదని ఒళ్లంతా నలుపూ తెలుపూ గీతల స్టిక్కర్లు అంటించారు. అరకు సంత మొత్తం దాన్నే చూసింది.

కారులోవాళ్ల ఫోనులో మ్యాపు మా ఊరికి రోడ్డు ఉందని చూపించింది. మ్యాపును తప్పుపట్టను. అది బోర్డును నమ్మింది. మేం నమ్మలేదా?

ఎర్రమట్టి మీద అర కిలోమీటరు దూసుకొచ్చి, గెడ్డ ఒడ్డున ఒక రాతి మీద కారు కూర్చుండిపోయింది. నేలకూ దాని పొట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు. మా కోళ్లు అంతకంటే ఎత్తుగా నడుస్తాయి. దాన్ని లాగడానికి తొమ్మిది టన్నుల లారీ వచ్చింది. మొదటి మలుపులోనే ఇరుసు దాకా దిగబడి దారికి అడ్డంగా ఉండిపోయింది.

ఇదే మొదటి పాఠం. బరువైనది దిగబడుతుంది. తేలికైనదాన్ని నలుగురు మోస్తారు!

కారులోంచి భాస్కర్ అనే ఇంజినీరు దిగాడు. ఆ కారు బరువు తగ్గించడమే అతని ఉద్యోగం. అతని సొంత బరువు ఎనభై నాలుగు కిలోలు. కింది ఊరికి కబురు వెళ్లి మనుషులొచ్చేదాకా, నా గొడుగు కింద కూర్చుని నాకు జ్ఞానం చెప్పాడు.

“ప్రతి గ్రామూ ముఖ్యమే అంకుల్,” అన్నాడు.

కార్బన్ ఫైబర్ అంటే ఏమిటని అడిగాను. బొగ్గు నార అన్నాడు. బొగ్గు మా పొయ్యిలో ఉంది. నార మా దూలానికి వేలాడుతోంది. రెండూ కలపాలని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ లోయ నిండా స్పోర్ట్స్ కార్లే!

మామూలు మరమేకులు తీసేసి టైటానియం మేకులు బిగించారు. ఒక్కో మేకుకు నలభై గ్రాములు కలిసొచ్చిందట. అద్దాలు తీసి ప్లాస్టిక్ పెట్టారు. రంగుకు కూడా బరువుంటుందని ఒక పూత తగ్గించారు. తలుపుకు హ్యాండిల్ తీసి గుడ్డ పట్టీ కుట్టారు. మా మరుగుదొడ్డి తలుపుకూ అదే ఉంది. తివాచీ లేదు, రేడియో లేదు, ఏసీ లేదు, వెనక సీటు లేదు, స్పేర్ టైరు లేదు. ఇవన్నీ లేనందుకు ధర ఎక్కువ! ఆ లెక్కన నా ఇంటిని మించిన ఖరీదైన ఇల్లు ఆంధ్రదేశంలో ఉంటుందా?

బ్రేకులు పింగాణీవి. వేడెక్కితే గాని పట్టవట. ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది.

ఇంత కష్టపడి తేలిక చేశాక ఏమైంది? వేగం అందుకుంటే కారు నేల విడిచి లేస్తోంది! అందుకని వెనక ఒక రెక్క బిగించారు. ఎగరడానికి కాదు. గాలి వచ్చి ఆ రెక్కను కిందికి నొక్కాలి. అంటే, చేత్తో తీసేసిన బరువును గాలితో మళ్లీ పెట్టిస్తున్నారు.

“మరి తియ్యడం దేనికి బాబూ?” అన్నాను.

భాస్కర్ నన్ను జాలిగా చూశాడు. “అది బరువు కాదంకుల్. ఫోర్స్.”

బాగుంది. మా ఆడవాళ్ల నెత్తి మీది కట్టెల మోపు కూడా ఇక నుంచి ఫోర్సే.

ఇంతలో సోంబరు వచ్చాడు. మా కొండ మీద డోలీలు మోసేవాళ్లకు అతనే పెద్ద. డోలీ అంటే తెలుసు కదా? ఒక వెదురు కర్ర, దానికి రెండు చివర్లా కట్టిన దుప్పటి, అందులో రోగి. మాకు అంబులెన్సు అదే. సోంబరు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఏ రోగిని చూసినా అడిగే మాటే అడిగాడు.

“బరువెంత?”

“తొమ్మిది వందల ఎనభై కిలోలే!” అన్నాడు భాస్కర్. బిడ్డ మార్కులు చెప్పే తండ్రిలా ఉన్నాడు.

“ఓలమ్మ!” అంది చూడ్డానికి వచ్చిన మా ఊరి తవిటమ్మ. “ఏటి తిని పెరిగినాదది?”

మా ఊరివాళ్లూ కింది ఊరివాళ్లూ కలిపి నలభై ఎనిమిది మంది తేలారు. పొడవాటి వెదుళ్లు నరికారు. అడ్డతీగ నారతో కట్లు కట్టారు. తేలికదనం మహిమ చూడండి! ఆ కారుకు వెనక సీటూ తివాచీ ఉండి ఉంటే ఇంకో నలుగురు కావలసి వచ్చేవారు. ఆ నలుగుర్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? మాది చిన్న ఊరు.

కర్రలు భుజాల మీదికి ఎక్కేముందు ఒక చిక్కు వచ్చింది. మా డోలీకి ఒక పద్ధతి ఉంది. ప్రాణం ఉన్న మనిషిని తల ముందుకు పెట్టి మోస్తారు. కాళ్లు ముందుకు పెడితే ఆ మనిషి లేడని అర్థం. దారిలో ఎదురైనవాళ్లు తలపాగా తీసేస్తారు.

“దీని తల ఎటుంది?” అన్నాడు సోంబరు.

“ఇటే కదా, లైట్లున్న వైపు,” అన్నాడు భాస్కర్.

“కళ్లు సరే. గుండి ఏది?”

“ఇంజనా? అది వెనకుంది. బరువు సమానంగా పడాలని.”

సోంబరుకు కోపం వచ్చింది. “కళ్లు ముందు, గుండి ఎనకాల! ఇదేటి జంతువు బాబూ? ఎవులు సేసినారిది?”

పావుగంట తగువు జరిగింది. కళ్లున్న వైపే తల అని సగం మంది. కళ్లు మూసుకున్నా మనిషి బతికే ఉంటాడు, గుండె మూసుకుంటే ఉండడు, కాబట్టి గుండె ఉన్న వైపే తల అని సగం మంది. చివరికి గుండె గెలిచింది. గంటకు మూడు వందల కిలోమీటర్లు ముందుకు పోవడానికి పుట్టిన కారు వెనక భాగం ముందు పెట్టుకుని బయలుదేరింది. ఆ గాలి రెక్క మీద తవిటమ్మ అంబలి దుత్త పెట్టింది. పుట్టాక దానికి దొరికిన మొదటి పని అది.

రెండో పద్ధతి భుజం మార్పు దగ్గర మొదలైంది. భుజం మార్చిన ప్రతిసారీ మోసేవాళ్లు రోగిని పేరు పెట్టి పిలుస్తారు. రోగి పలకాలి. మూడు పిలుపులకూ పలక్కపోతే డోలీని తిప్పేసి, కాళ్లు ముందుకు పెట్టి, ఇంటికి మళ్లుతారు. ఇక కిందికి దిగి చేసేదేమీ ఉండదు.

మగ్దలేనమ్మ నా భార్య. ఎనిమిదేళ్ల కింద ఇదే దారిలో దించుతుంటే నాలుగు భుజం మార్పుల దాకా పలికింది. ఐదో దగ్గర సోంబరు మూడుసార్లు పిలిచాడు.

కారు సంగతి కదా చెబుతున్నాను. పిలవడానికి దానికి పేరు లేదు! పేరు రహస్యమట, వచ్చే ఏడు పెడతారట. పలక్కపోతే మోసేది లేదని సోంబరు కర్ర దించేశాడు. చివరికి భాస్కర్ లోపల కూర్చుని హారన్ కొట్టడానికి ఒప్పుకున్నాడు. అతను ఎక్కగానే కర్రలన్నీ ఒక్కసారి మూలిగాయి.

“మేకు మేకుకీ బరువు తీసినావు గదా,” అంది తవిటమ్మ, “నీ బొజ్జ తియ్యడం మరిసిపోనావేటి బాబూ?”

ఆరు భుజం మార్పులు. ప్రతిసారీ ముందు కర్ర పట్టిన మనిషి, పేరు గాసి, గొంతెత్తి, “ఓ కారూ! ఉన్నావా?” అనేవాడు. లోపల్నుంచి హారన్ మోగేది. బరువు తగ్గించడానికి చిన్న హారన్ పెట్టారట, పిల్లి పిల్ల గొంతు. నాలుగోసారి భాస్కర్ కునుకు తీశాడు. హారన్ మోగలేదు. నలభై ఎనిమిది మందీ ఆగిపోయారు. సోంబరు కారును తిప్పమని చెయ్యి ఎత్తాడు.

“పలుకు బాబూ, పలుకు!” అని నేను అద్దం బాదాను. ప్లాస్టిక్ అద్దం కదా, బిందె మీద కొట్టినట్టు మోగింది. భాస్కర్ ఉలిక్కిపడి రెండు చేతులతో హారన్ నొక్కాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననే అన్నారు.

దిగబడిన లారీ పక్కనుంచి దాటించి, చిన్న గీత కూడా పడకుండా కారును తారు రోడ్డు మీద దించాం.

కంపెనీ మమ్మల్ని మరిచిపోలేదు. రెండు వారాల్లో బహుమతి పంపింది. కార్బన్ ఫైబర్ డోలీ కర్ర! ఎనిమిది అడుగుల పొడవు, కిలోంబావు బరువు. మా పచ్చి వెదురు ఆరు కిలోలు ఉంటుంది. దాన్ని మాకు అందించడానికి కింద సభ పెట్టారు. ఆ సభకు మేం మూడు కిలోమీటర్లు నడిచి దిగాం. ఒక అధికారి ఆ కర్రను ఒక్క వేలి మీద నిలబెట్టి చూపించాడు. చప్పట్లు కొట్టాం. నెలలు నిండుతున్న చిట్టిని పక్కన నిలబెట్టి ఫోటో తీశారు.

ఆ సాయంత్రం, ఇంకా కొండ ఎక్కకముందే, నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. కాదన్న నా అర్జీయే ఇప్పుడు పరిష్కారమైందట. “గ్రామానికి ఆధునిక ప్రత్యామ్నాయ రవాణా సౌకర్యం కల్పించడమైనది.”

చూశారా! ఎనిమిదేళ్లు రోడ్డు రోడ్డు అని అరిచాను. రోడ్డును మోసుకొని తిరగగలమా? దీన్ని మూల నిలబెట్టుకోవచ్చు!

ఆ కర్ర పనితనం కూడా చెప్పాలి. చెప్పకపోతే కంపెనీకి అన్యాయం చేసినట్టవుతుంది. మూడు వారాలకు చిట్టికి వేళ కాని వేళ నొప్పులొచ్చాయి. కొత్త కర్రకు దుప్పటి కట్టి ఎత్తారు. మోసేవాళ్లకు ఏమీ బరువు తెలియలేదు. అంతా చిట్టికే తెలిసింది. వెదురు అడుగడుక్కీ వంగుతుంది, రాతి మీద పడిన అడుగును మింగేస్తుంది. ఇది వంగదు. వంగకపోవడమే దీని గొప్ప అని భాస్కర్ నాకు ముందే చెప్పాడు. కొండ మీది ప్రతి రాయీ ఏ మాత్రం నష్టపోకుండా ఆ పిల్ల నడుముకు చేరింది.

“దించీ నాన్నా! సచ్చిపోతన్నాను, దించీ!”

సోంబరు దించాడు. ఆ కర్రను పొదల్లోకి విసిరేశాడు. కత్తి తీసి వెదురు నరికి కట్టేసరికి అరగంట పట్టింది. ఆ అరగంట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎర్రమట్టి దారి కనిపిస్తూ ఉండగానే, తడి నేల మీద, ఆశా కార్యకర్త హేమలత చేతుల్లోకి ఆడపిల్ల పుట్టింది. హేమలత సంచిలోంచి చిన్న త్రాసు తీసి, గుడ్డలో చుట్టి తూచింది.

కిలో ఎనిమిది వందల గ్రాములు.

భాస్కర్ ఉంటే చప్పట్లు కొట్టేవాడు. హేమలత కొట్టలేదు.

“తక్కువ తాతా. సానా తక్కువ. బేగి నడవండి!” అంది.

ఆస్పత్రిలో గాజు పెట్టెలో ఇరవై రెండు రోజులు ఉంచారు. రోజూ పొద్దున్న తూకం. ఇరవై గ్రాములే పెరిగిందంటే చిట్టి ఏడ్చేది. ముప్పై పెరిగిందంటే పక్క మంచాలన్నిటికీ వెళ్లి చెప్పుకొచ్చేది. ఒకరోజు పది గ్రాములు తగ్గింది. ఆ రోజు సోంబరు అన్నం ముట్టలేదు. గ్రాముల కోసం ఇంత ఆరాటపడే మనుషుల్ని నేను ఈ జన్మలో రెండు చోట్లే చూశాను.

రెండు కిలోల రెండు వందలకు చేరాక పంపేశారు. సోంబరు ఆ పిల్లను గుండెకు కట్టుకుని మూడు కిలోమీటర్లూ ఎక్కాడు. మా ఇంటి అరుగు మీద ఆయాసం తీర్చుకున్నాడు.

“బావా, ఈ సంటి గుంటని మళ్లీ నెలకి ఆస్పత్రిలో సూపించాలంట. ఇంకో అర్జీ రాయి,” అన్నాడు.

అర్జీలో ఏం రాయాలి? మోసేవాటి బరువు తగ్గించే విద్య దేశంలో బాగా పెరిగింది, సంతోషం. మోసే దూరాన్ని తగ్గించే మెటీరియల్ కూడా ఎప్పుడో కనిపెట్టారు. కంకర, తారు. కాకపోతే అవి బరువైనవి. టన్నుల్లో ఉంటాయి. వాటిని పైకి ఎత్తడానికి ఎవరికీ భుజం లేదు.

ఇప్పటికి పదకొండు అర్జీలు రాశాను. పన్నెండోది రాయనని సోంబరుకు చెప్పేశాను. మీకూ చెబుతున్నాను. రోడ్డు అనే మాట నా నోట మళ్లీ రాదు. ఎవరూ నన్ను అడగొద్దు.