జయరత్నం పాటలను మేం కాపాడిన విధం

మంచి పాటకు మనం చేయగల మేలు ఒక్కటే. దాన్ని వినకూడదు!

నవ్వకండి. హిట్టయిన పాటల గతి చూశారా? మదనపల్లె టమాటా మార్కెట్టులో మైకు సెట్టు, పుంగనూరు బస్సులో డ్రైవరు నెత్తిమీది స్పీకరు, కుప్పం స్టేషన్ దగ్గర టీ అంగడి, అన్నిచోట్లా రోజంతా అదే పాట. పదో రోజుకు దాని ప్రాణం పోతుంది. పాపం, అది ఏం నేరం చేసింది?

అదే మా జయరత్నం పాటలు చూడండి, ఇప్పటికీ మాసిపోలేదు. ఆయన నిమ్మనపల్లెలో బడిపంతులు. ఎవరో మిషన్ దొర వెళ్తూ వెళ్తూ ఇచ్చిన గిటారు మీద మన మెట్టపొలాల పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి, నాలుగేళ్ళ కిందట, 1984లో, మద్రాసు వెళ్ళి క్యాసెట్టు చేయించుకొచ్చాడు. పేరు 'కపిల బావి'. ఎద్దులు కట్టి నీళ్ళు తోడే బావి అన్నమాట. మొత్తం పన్నెండు పాటలు.

మదనపల్లెలో క్యాసెట్ల అంగడి చిన్నస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సినిమాదాప్పా?"

"కాదప్పా."

"దేవునిదా?"

"కాదు. బావిది."

"బావికి పాట యాలప్పా?"

చిన్నస్వామిది విమర్శక దృష్టి. పుంగనూరు అంగడాయన ఇంకా రసికుడు, కుంటుతున్న బల్లకాలి కింద పెట్టుకున్నాడు. కుప్పంలో తమిళ క్యాసెట్ల వరసలో చేర్చారు. అరవవాళ్ళు తెలుగని వదిలేశారు, తెలుగువాళ్ళు ఆ వరస వైపే చూడలేదు. చర్చివాళ్ళు ప్రభువు పేరు లేదన్నారు. భజన మందిరంవాళ్ళు గిటారు ఉందన్నారు. ఇంత ఐకమత్యం మన ఊళ్ళలో ఇంకెప్పుడైనా చూశారా?

ఇక నా సంగతి. ఆయన సంతకం చేసి ఇచ్చిన క్యాసెట్టు విలువ నాకు చూడగానే తెలిసింది. టేపు జపాన్‌ది! మళ్ళీ రికార్డు కాకుండా పైన విరిచిన రెండు కన్నాలకూ కాగితం అంటించి, మా అమ్మాయి ఫంక్షనుకు దానిమీదే సినిమా పాటలు రికార్డు చేయించాను. బ్రహ్మాండంగా వచ్చాయి.

పోయిన నెల జయరత్నం మా ఇంటికొచ్చాడు. మెడకు మఫ్లరు. గొంతుకు ఆపరేషన్ అయిందట, మాట గుసగుసగానే వస్తోంది.

"ఆ క్యాసెట్టు ఉండాదాప్పా? నా దగ్గర ఒకటీ మిగల్లేదు. ఇంక పాడలేను కదా, నా గొంతు ఒక్క తూరి వినాలని ఉండాది."

లేదనలేక పెట్టాను. ఒకవైపు సినిమా పాటలు. రెండోవైపూ అవే. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆఖర్న సినిమా పాట పుటుక్కున ఆగిపోయి, గిటారు వినిపించింది. బావి ఎండిపోయిందని తెలియని ఎద్దులు రెండు, పొద్దున్నే కపిల దగ్గరికి వచ్చి, మోకు కట్టే మనిషి కోసం ఎదురుచూస్తున్నాయట. మూడు నిమిషాల పాట. అంతటితో టేపు అయిపోయింది.

నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు?

"ఎంత బాగుంది జయరత్నం! మిగతా పదకొండూ వినిపించప్పా" అన్నాను.

నాలుగేళ్ళలో ఆయన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషిని నేనే. జయరత్నం మఫ్లరు సర్దుకున్నాడు.

"నీకిచ్చిన దాంట్లోనే ఉండినాయప్పా" అన్నాడు.