కుళాయి లేని ఊళ్ళో మరమ్మతు

ప్రజలు ఇకమీదట ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదని, వారి కష్టాలను ఇంటర్నెట్టే మోసుకుపోతుందని ప్రభుత్వం ప్రకటించింది. ఈ శుభవార్త రూఢి చేసుకోవడానికి బూదిగుట్టపల్లి గంగక్క మండలాఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగింది.

గంగక్క చదివింది ఐదో తరగతి. భయపడటంలో మాత్రం ఆమెది పెద్ద చదువే. కూతురు సరళకు ఏడో నెల. ఊళ్ళో బోరు ఎండిపోయింది. గంగక్క మోకాళ్ళు మెట్లకు రాజీనామా ఇచ్చి ఏడాదైంది కాబట్టి, సరళే రోజూ దిగుడుబావిలో నలభై మెట్లు దిగి కడవ ఎత్తుకొస్తోంది. ఆమె తిరిగొచ్చేలోగా గంగక్క మనసులో కాలు జారడం, కడవ పగలడం, ఆసుపత్రి దారిలో బస్సు చెడిపోవడం వరసగా జరిగిపోయేవి. ఒక్క నీళ్ళ ట్యాంకరు వస్తే చాలు.

మండలాఫీసులో కొత్త కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. దాని ముందు ఫిర్యాదులు ఎక్కించే వీరేష్ కూర్చుని ఉన్నాడు.

"మా ఊళ్ళో తాగేదానికి నీళ్ళు ల్యావు, ట్యాంకరు పంపమని రాయప్పా."

"అట్ల రాసేదానికి తావు లేదక్కా. ఈడ మూడే ఉండాయి. కుళాయి కారుతాండాది, మురికి వస్తాండాది, ధార సన్నగా ఉండాది. ఏది నొక్కాల?"

"మా ఊళ్ళో కుళాయే లేదు కదప్పా!"

"అది దీనికి తెలీదు. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు."

ముందుకు పోకపోతే ఊరి పేరే కొట్టేస్తారేమోనని గంగక్క హడలిపోయి, కారేదాన్నే ఎంచుకుంది. కారే చోట కనీసం నీళ్ళుంటాయి.

పాలన మెరుపులా కదిలింది. పదోరోజుకే జవాబొచ్చింది: 'బూదిగుట్టపల్లి కుళాయికి మరమ్మతు పూర్తి. ప్రస్తుతం చుక్క కూడా కారడం లేదు.' ప్రభుత్వం ఇంత పచ్చి నిజం మునుపెన్నడూ చెప్పి ఎరగదు. సాక్ష్యంగా ఒక ఫొటో కూడా జతచేశారు. ట్యాంకరు వస్తుందేమోనని జనం వరసలో పెట్టిపోయిన ఖాళీ కడవలవి. కింద 'తృప్తి చెందిన లబ్ధిదారులు' అని రాశారు.

"ఒక గ్రామీణ మహిళ మీట నొక్కింది, ప్రభుత్వం పరుగెత్తింది!" అని జిల్లా సభలో ఒక పెద్ద అధికారి పొంగిపోయాడు. కుళాయి ఉన్న ఊరికి ట్యాంకరు పంపడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, కరువు జాబితాలోంచి బూదిగుట్టపల్లిని గౌరవంగా తొలగించారు.

ఆ వారంలోనే సరళ మెట్టు జారింది. కడుపులో బిడ్డ దక్కింది, కాలు విరిగింది. గంగక్క ఏడుస్తూ మళ్ళీ వీరేష్ దగ్గరికి పోయింది.

"కుళాయి యాడుండాదో చూపియ్యప్పా! కడుపుతో ఉండే నా బిడ్డ బావి మెట్ల మీద పడినాది!"

వీరేష్ తెరను ఆమె వైపు తిప్పాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళంతా మెడలు సాచి ఫొటో చూశారు.

"అన్ని కడవలు కనపడతాండాయి కదమ్మా! కుళాయి పెట్టుకొని కడుపుతో ఉండే బిడ్డను బావికి తోలినావా? నువ్వేం తల్లివి?" అన్నాడు ఎర్రప్ప అనే రైతు.

అందరూ ఔనన్నారు. ఆ వరసలో తెరను అనుమానించినవాడు ఒక్కడూ లేడు. కుళాయి ఉన్న ఊరివాడూ ఒక్కడూ లేడు.