రామచంద్రం ఇంట్లో శ్రమ నివారణ

స్త్రీజాతి నడుము నొప్పికి శాశ్వతంగా ముగింపు పలికిన ఆ బుధవారం నాడు, రామచంద్రం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు.

రామచంద్రం ఉన్నాడు. పంచాయతీ మెంబరు కాబట్టి ముందు ఆయన. ఆయన తల్లి లింగవ్వ వసారాలో గోడకు ఆనుకుని, అలవాటు చొప్పున మోకాలు ఊపుతూ ఉంది. భార్య శంకరవ్వ పొయ్యి దగ్గర ఉంది. భర్త పోయిన నాటి నుంచి తమ్ముడి ఇంటి పరువుకు కావలి కాస్తున్న అక్క గంగుబాయి గుమ్మంలో ఉంది. కొడుకు హనుమండ్లు అద్దం ముందు ఉన్నాడు. బ్లాకు నుంచి వచ్చిన బి.డి.ఓ. గారు కుర్చీలో, ఆయన గుమాస్తా జలాలుద్దీన్ స్టూలు మీద, ఊరి పెద్దమనుషులు చాప మీద ఉన్నారు. చివరగా రామచంద్రం కూతురు సక్కుబాయి. ఆ ఇంట్లో మనుషుల్ని ఎవరు లెక్కపెట్టినా సక్కు చివరనే వస్తుంది. ఒక్కోసారి రాదు కూడా. ఎవరైనా పేరడిగితే, చెప్పే ముందు తలుపు చాటు వెతుక్కునే పిల్ల.

అయినా ఆనాటి మహత్కార్యానికంతటికీ మూలం సక్కే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ పైకి అనలేదు.

కథ ఎండాకాలం చివర మొదలైంది. ఊరి బడిలో ఉన్న తరగతులన్నీ సక్కు చదివేసింది. ఇక చదవాలంటే మెట్‌పల్లి పెద్దబడికి పోవాలి. వాడకట్టులోని మగ్గం నేసే శాలోళ్ల ఆడపిల్లలు ఇద్దరు అప్పటికే రోజూ నడిచి పోతున్నారు. తననూ పంపమని సక్కు తల్లితో చెప్పించింది. రామచంద్రం కాదనలేదు. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. స్త్రీ విద్య గురించి సమితి మీటింగులో రెండుసార్లు మాట్లాడిన మనిషి ఆయన. ఇంట్లో కాదంటే బయట ఏం బాగుంటుంది? అందుకని ఉదారంగా ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఇంట్ల పని ఒడిసినంక ఎటైన పో బిడ్డా. నేను అడ్డమా?"

ఇంటి పని ఎన్నడూ ముగియదని ఆయనకు తెలుసు. సృష్టి మొదలైన నాటి నుంచి ఏ ఇంట్లోనూ అది ముగిసిన దాఖలా లేదు. అందుకే ఆయన అంత ధైర్యంగా మాటిచ్చాడు.

సక్కు మాత్రం ఆ మాటను నమ్మింది. నోరు లేని పిల్లలకు ఇదొక జబ్బు, పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టే నమ్ముతారు. శాలోళ్ల పిల్లలు వాకిలి ముందు నుంచి పోయే వేళకు పని ముగించాలని, ఏ పనిలో ఎంతసేపు ఊరికే పోతున్నదో చూస్తూ వచ్చింది.

ముందు అన్నం సంగతి కనిపెట్టింది. ఎసరు బాగా మసిలి, బియ్యం సగం ఉడకగానే గిన్నె దించి, వరిగడ్డి కూరిన గంపలో పెట్టి, మీద పాత గొంగడి కప్పింది. పొయ్యి ఊదేవాళ్లు, కలబెట్టేవాళ్లు అక్కర లేకుండా అన్నం తన మానాన తాను ఉడికింది. ఎల్లిగడ్డలు రాత్రే నీళ్లలో వేస్తే పొద్దున వేళ్ల మధ్య నలిపితే చాలు, పొట్టు ఊడివస్తుంది. బూడిద నీళ్లలో నానిన బట్టలకు బండ మీద దెబ్బలు తగ్గుతాయి.

వెన్న విషయంలో ఆమె కొంచెం సాహసించింది. బాపమ్మ లింగవ్వ ఎటూ పొద్దంతా మోకాలు ఊపుతుంది. మీగడ మరచెంబులో పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డలో చుట్టి ఆ మోకాలికి కట్టింది. ముసలమ్మ వాడకట్టు ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టి, ఎవరి కోడలు ఎవరితో కొట్లాడిందో తేల్చేలోపు వెన్న పడింది. కొట్లాట పెద్దదైతే వెన్న గట్టిగా వచ్చేది.

చివరిది చీపురు. దానికి ఓ వెదురు కర్ర కట్టి, నిలబడి వాకిలంతా ఊడ్చేసింది. దీన్ని మాత్రం గంగుబాయి క్షమించలేకపోయింది. పెద్దల ముందు కోడళ్లూ బిడ్డలూ నడుము వంచి ఊడ్చితేనే ఆ ఇంటికి మర్యాద అని ఆమె వాదన.

"ఏందే గది, జవాన్ లెక్క నిలవడి ఊడుస్తున్నవు? వాకిట్ల మీ బాపు కూసున్నడు. జర సిగ్గుండాలె."

సక్కు అప్పటి నుంచి ఎవరూ లేవకముందే ఊడ్చేది. ఇలా ఓ రోజు, బారెడు పొద్దెక్కేలోపే ఇంట్లో పనంతా నిజంగానే ముగిసింది! సక్కు తల దువ్వుకుని, పలక సంచి తీసుకుని, గడప మీద నిలబడింది. ఇంట్లో చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే గంగుబాయి గుండెలో కలుక్కుమంది. ఇంత పొద్దున్నే రోకలి చప్పుడు ఆగిపోతే వాడకట్టు ఏమనుకుంటుంది? దంచుకోవడానికి గింజలు లేవనుకోదూ? బియ్యం దంచడం అప్పటికే అయిపోయిందని సక్కు గొణిగింది. అయితే ఏం, ఉత్త రోలే దంచమంది అత్త. పరువున్న ఇంట్లో రోకలి చప్పుడు వినపడాలి, రోట్లో ఏముందో ఎవరు చూడవస్తారు? అందుకని సక్కు సంచి కింద పెట్టి, ఉత్త రోలును దంచింది. శాలోళ్ల పిల్లలు వాకిలి ముందు నుంచి పోయారు. వాళ్లు పోయేదాకా దంచింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎంత త్వరగా పని ముగిస్తే, ఉత్త రోలును అంత ఎక్కువసేపు దంచవలసి వచ్చింది.

చివరకు సక్కు తండ్రి దగ్గరికే పోయింది. తలుపు చాటు నుంచి, గొంతు పెగుల్చుకుని, గంప సంగతి, మరచెంబు సంగతి, చీపురు సంగతి అన్నీ చెప్పి, పని ఒడిసింది బాపు అంది. అంత పొడుగు మాట ఆమె జన్మలో మాట్లాడలేదు.

రామచంద్రం నోరు తెరిచి విన్నాడు. లేచిపోయి గంప తెరిచి చూశాడు. తల్లి మోకాలి కేసి చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి. "శాబాష్ బిడ్డా" అన్నాడు. "ఇయ్యాల ఆగు. నేను బ్లాకు ఆఫీసుకు పోయొస్త."

సక్కు సంబరపడింది. బడిలో పేరు రాయించడానికే పోతున్నాడనుకుంది.

ఆయన పోయింది వేరే పని మీద. గృహ శ్రమ నివారణ వారోత్సవం జరపాలని పైనుంచి బ్లాకుకు హుకుం వచ్చింది. వారం సగం గడిచింది గానీ నివారించడానికి శ్రమ ఎక్కడుందో బి.డి.ఓ. గారికి అంతు చిక్కలేదు. ఆయన ఇంట్లో అది ఎన్నడూ కనపడలేదట. సరిగ్గా అప్పుడు రామచంద్రం పోయి, స్త్రీల కష్టం చూడలేక తాను ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు ఆలోచించి, కొన్ని పద్ధతులు కనిపెట్టానని సవినయంగా మనవి చేశాడు. బుధవారం పరిశీలన ఖాయమైంది.

శ్రమ నివారణను చూపించడానికి ఆ ఇంటి ఆడవాళ్లు చేసిన శ్రమ వర్ణించలేం. గోడలకు సున్నం వేశారు. ఇల్లంతా అలికారు. వచ్చేవాళ్లందరికీ పిండివంటలు చేశారు. శంకరవ్వ చేతులు బొబ్బలెక్కాయి. ఎందుకింత తండ్లాట అని ఆమె అడిగితే, "నీ పని తక్కువ చేసేటందుకేనే" అని రామచంద్రం కసురుకున్నాడు.

ఇంతలో మరో చిక్కు వచ్చింది. ఆఫీసర్ల ముందు ఆడపిల్ల నిలబడి ఊడవడానికి వీల్లేదని గంగుబాయి పట్టుబట్టింది. నిలబడి ఊడవకపోతే చీపురును చూపించడమే దండగ అన్నాడు తమ్ముడు. అక్కాతమ్ముళ్లు చాలాసేపు వాదించుకుని, ఇద్దరి మర్యాదా దక్కేలా ఓ తీర్పు చేశారు. పొడుగు చీపురుతోనే ఊడవాలి, కానీ వంగి ఊడవాలి.

బుధవారం అదే జరిగింది. బి.డి.ఓ. గారు కుర్చీలో సర్దుకున్నారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, సంస్కృతం మీద మక్కువ. గంపను చూసి "నిరగ్ని పాక పేటిక" అని నామకరణం చేశారు. నానిన ఎల్లిగడ్డలు "లశున నిస్తుషీకరణం" అయ్యాయి. లింగవ్వ మోకాలు "జానుచాలిత నవనీత యంత్రం" అయింది. యంత్రం అంటున్నది తననేనని తెలియక ముసలమ్మ ఊపుతూనే ఉంది. జలాలుద్దీన్ మాత్రం ఒక్కో పేరు దగ్గరా కలం ఆపి, "సార్, గది జర మళ్లొక్కసారి" అని చెమటలు తుడుచుకున్నాడు.

అప్పుడు సక్కు చీపురు పట్టుకుని వచ్చింది. నిలువెత్తు కర్రను పట్టుకుని నడుము వంచితే ఆ కర్ర ఎక్కడికి పోవాలి? వెనక్కి పోయింది. ఆమె ఒక్కో ఊపుకూ కర్ర కొస చాప మీది పెద్దమనుషుల ముక్కుల ముందు నుంచి తిరిగింది. వాళ్లు వరసగా వెనక్కి వాలారు. మూడో ఊపుకు జలాలుద్దీన్ టోపీ ఎగిరి పిండివంటల పళ్లెంలో పడింది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. టోపీ దులుపుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "బేటీ, నిలవడి ఊడ్చేటందుకే గద కర్ర కట్టింది? మరి వంగినవెందుకు?"

సక్కు అత్త వంక చూసింది. అత్త దూలం వంక చూసింది. రామచంద్రం గొంతు సవరించుకుని, పరికరం కొత్తదైనా సంప్రదాయం వదలకపోవడమే తమ ఇంటి ప్రత్యేకత అన్నాడు. బి.డి.ఓ. గారు ఆనందంతో కళ్లు మూసుకుని, "ఊర్ధ్వ సమ్మార్జని" అన్నారు.

భోజనాలయ్యాయి. గంప అన్నానికి ఇంతటి రుచి ఉంటుందనుకోలేదని బి.డి.ఓ. గారు మారు వడ్డించుకున్నారు. శంకరవ్వ తల దించుకుంది. ఆఫీసర్లకు గడ్డిలో ఉడికిన కూడు పెడితే ఇంటి పేరు పోతుందని గంగుబాయి పొయ్యి మీద వేరే వండించింది. గంప అన్నం గంపలోనే ఉంది.

"అది సరే రామచంద్రం గారూ, ఇంత సమయం ఆదా అవుతోంది కదా, మిగిలిన సమయాన్ని మీవాళ్లు ఏం చేస్తున్నారు?" అని చేతులు తుడుచుకుంటూ అడిగారు బి.డి.ఓ. గారు.

సక్కు చెంబుతో అక్కడే నిలబడి ఉంది. ఊరంతా అడగని ప్రశ్నను ఆఖరుకు ఒకరు అడిగారు. జవాబు ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. పెదవులు విడివడ్డాయి కూడా.

"ఇంకింత పని చేస్తున్నరు సార్" అన్నాడు రామచంద్రం.

బి.డి.ఓ. గారు తొడ చరిచారు. దేశానికి కావలసింది ఇదే అన్నారు.

తర్వాత మగవాళ్లు ముందు గదిలో మీటింగు పెట్టుకున్నారు. ఆడవాళ్లు వంటింట్లో అంట్ల ముందు కూర్చున్నారు. సక్కు గోడకు చెవి ఆనించింది. ఏకగ్రీవ తీర్మానాలు ఒకటొకటే వినపడ్డాయి. గృహ శ్రమ నివారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు రామచంద్రం. ఆడవాళ్లను కూడా సభ్యులుగా చేర్చుకుంటే బాగుంటుందేమోనని జలాలుద్దీన్ అన్నాడు. వాళ్లకు పనే ఒడవదు, మీటింగులకు ఎక్కడొస్తారని చాప మీది పెద్దమనుషులు జాలిపడ్డారు. గృహ విజ్ఞానంలో శిక్షణకు హైదరాబాదుకు హనుమండ్లును పంపాలని తీర్మానమైంది. హనుమండ్లు అంతవరకు పొయ్యి దగ్గరికి వెళ్లింది బీడీ ముట్టించుకోవడానికే. ఇక ఆఖరు తీర్మానం. ఈ ఇల్లు నేటి నుంచి ప్రదర్శన కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మహిళలకు రోజూ పొద్దటి నుంచి సాయంత్రం దాకా పద్ధతులన్నీ చేసి చూపాలి. చూపేదెవరని ఒకాయన అడిగాడు.

"మా సక్కు ఉన్నది గద" అన్నాడు రామచంద్రం. "ఖాలీగనే ఉంటది."

సక్కు లేచింది. చేతిలోని అంటు గిన్నె అక్కడే పెట్టేసింది. తల్లి "ఏడికే" అన్నా వినలేదు. మగవాళ్లు కూర్చున్న గది గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. ఇప్పుడు తొక్కింది. అందరూ తలలు తిప్పి చూశారు. చాటుకు తలుపు వెతుక్కోకుండా, నిటారుగా నిలబడి, గదిలో అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"బాపూ, పనంత ఒడిసింది. నువ్వు మాటిచ్చినవు. నేను రేపటి సంది బడికి పోత."

జలాలుద్దీన్ కలం ఆగింది.

"ఏమంటోంది అమ్మాయి?" అన్నారు బి.డి.ఓ. గారు, ఆ యాస సరిగా అందక.

"ఏం లేదు సార్" అని నవ్వాడు రామచంద్రం. "పనంత ఒడిసిందట."

"చూశారా, చూశారా!" అంటూ బి.డి.ఓ. గారు చప్పట్లు కొట్టారు. పెద్దమనుషులు కొట్టారు. హనుమండ్లు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్యనే రామచంద్రం లేచి, కూతురి దగ్గరికి వచ్చి, ఆప్యాయంగా భుజం మీద చేయి వేసి గడప అవతలికి నడిపించాడు.

"పెద్దమనుషులు ఆడోళ్ల కష్టం ఎట్ల తక్కువ చేద్దామని మాట్లాడుతుండ్రు బిడ్డా. నడుమ అడ్డం రావద్దు" అన్నాడు మెల్లగా. "పనొడిసిందంటివి గద. పోయి అందరికి ఇంకోమారు చాయ పెట్టు."

అని, తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు.