గురువారం ఎవరికీ ఏమీ లేదు

వీరరాఘవులు తన గురువారాన్ని సోమవారం ఉదయమే పోగొట్టుకున్నాడు.

ఆ ఉదయం ఆయన అనుకున్న పనులు రెండే. వాన వల్ల వాయిదా పడిన స్టాటిస్టిక్స్ పరీక్షకు ఈ వారంలోనే ఒక రోజు చూడాలి. ఆ తర్వాత పురోహితుడికి ఫోన్ చేసి, గురువారం అత్తాపూర్‌లోని తన ఇంటికి రమ్మని చెప్పాలి. ఆ రోజు ద్వాదశి. భార్య విజయ పోయి ఏడాది. ఆమె మొదటి ఆబ్దికం.

శంషాబాద్ విమానాశ్రయం దాటాక, మహేశ్వరం దారిలో ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆయన పరీక్షల అధికారి. ఏ మతం విద్యార్థికైనా పవిత్రమైన రోజున పరీక్ష పెట్టకూడదని అక్కడ కొత్తగా నిబంధన వచ్చింది. వీరరాఘవులు దాన్ని శ్రద్ధగా పాటించాడు. బుధవారం మొహర్రం. తరగతిలో ముస్లిం విద్యార్థి సాజిద్ ఒక్కడే. అతనికి విడిగా శనివారం పరీక్ష పెట్టి, మిగిలినవాళ్ళకు బుధవారమే పెట్టేశాడు. నోటీసు అంటించి పావుగంట కాకముందే మహేశ్వరం పక్క పల్లెకు చెందిన శివ వచ్చాడు.

"సార్, బుధవారం నాకు కుదరది. మొహర్రం అంటె మా ఊర్ల పీర్ల పండుగ. పీరు నేనే ఎత్తుకోవాలె."

వీరరాఘవులు కళ్ళజోడు సవరించుకున్నాడు. "నువ్వు హిందువువి కదయ్యా?"

"అవును సార్. గందుకే. మా తాత ఎత్తిండు, మా బాపు ఎత్తిండు. ఇగ నా వంతు."

బాపట్లలో పుట్టి పెరిగిన వీరరాఘవులుకు ఈ "గందుకే" అంతుపట్టలేదు. తరగతిలో సగంమంది అవే పల్లెలవాళ్ళని, వాళ్ళందరిదీ ఇదే మాటని ఆ తర్వాత తెలిసింది. ఇంతలో సాజిద్ కూడా వచ్చాడు.

"సార్, నన్నొక్కన్నే శనివారం కూసోబెడితె నాకు పరేషాన్ అయితది. అందరితోని రాస్త."

"బుధవారం రాస్తావా మరి?"

"ఎట్ల రాస్త సార్? శివగాడు పీరు ఎత్తుకుంటడు, మా పెదనాన్న దాని ముంగట దువా చదువుతడు. ఇద్దర్ల ఎవలు లేకున్నా పీరు లేవది."

అయితే అందరికీ శనివారమే అన్నాడు వీరరాఘవులు. ఈసారి అనుపమ వచ్చింది. వాళ్ళ చర్చిలో శనివారమే విశ్రాంతి దినమట. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి పెన్ను ముట్టదట. పోనీ శుక్రవారం అందామంటే, ఈ పరీక్షకు ఉదయం పేపరు, ఆ వెంటనే చీకటిపడే దాకా ప్రాక్టికల్స్. మధ్యలో సాజిద్‌కు జుమా నమాజు, చివర్లో అనుపమకు సూర్యాస్తమయం. ఆదివారం బోనాలు. మంగళవారం అంటే, పీర్ల ముందు నిప్పుల గుండం తవ్వేది ఆ రోజేనని శివ గుర్తుచేశాడు.

విద్యార్థులు ముగ్గురూ గోడమీది క్యాలెండర్ ముందు నిలబడ్డారు. సాజిద్ వేలు ఒకచోట ఆగింది.

"గురువారం ఎవరికి ఏం లేదు సార్."

"అరె, అవును," అన్నాడు శివ. తర్వాత ఎందుకో వెనక్కి తిరిగాడు. "మీకేమన్న ఉందా సార్?"

వీరరాఘవులు కాసేపు ఆలోచించాడు. అడిగింది పండుగ గురించి. ఆబ్దికం పండుగ కాదు.

"నాకేం పండుగ లేదు," అన్నాడు.

కొత్త నోటీసు అంటించారు. పురోహితుడికి చేయాల్సిన ఫోన్ ఆయన చేయలేదు. పండుగకు రావాలని శివ పట్టుబట్టడంతో, ఖాళీ అయిపోయిన బుధవారం ఏం చేయాలో తోచక వాళ్ళ ఊరికి వెళ్ళాడు.

నెత్తిమీద విమానాలు దిగుతూనే ఉన్నాయి. డప్పులు వాటిని లెక్కచేయలేదు. పూలదండలు కట్టిన పీరును, కర్రకు బిగించిన ఆ వెండి పంజాను, ఎత్తుకున్న శివ ఒక్కసారి కూడా ఈయన వైపు చూడలేదు. శివ తల్లి శివమ్మ పీరుకు నైవేద్యంగా పెట్టే మలీద పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"ఎవరి పేరు మీద సదివియ్యాలె సారూ?"

"నాకెందుకమ్మా."

"ఒచ్చినోళ్ళు ఉత్తగ పోరు. ఒక పేరు చెప్పుండ్రి."

"విజయ."

"బిడ్డనా?"

"భార్య."

శివమ్మ పళ్ళెంలో ఇంకో పిడికెడు మలీద వేసి, సాజిద్ పెదనాన్న దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని చదివాడు. మధ్యలో విజయ పేరు స్పష్టంగా వినిపించింది.

గురువారం పరీక్షకు అందరూ వచ్చారు. పీరు మోసిన భుజం నొప్పికి శివ నూనె రాసుకుని రావడంతో హాలంతా ఆ వాసనే. సాయంత్రం వీరరాఘవులు పురోహితుడికి ఫోన్ చేసి, ఇవాళ ఆబ్దికం పెట్టలేకపోయానని చెప్పుకున్నాడు.

"ఇవాళ ఏమిటండీ," అన్నాడు పురోహితుడు. "మీ ఆవిడ తిథి నిన్నే కదా."

"క్యాలెండర్లో ద్వాదశి గురువారమని ఉందండి."

"అది సూర్యోదయానికి ఉన్న తిథి లెక్కండి. ఆబ్దికానికి అపరాహ్ణం చూసుకోవాలి. నిన్న మధ్యాహ్నానికే ద్వాదశి వచ్చేసింది."

ఊరందరి రోజులూ చూసిపెట్టిన వీరరాఘవులు, నిన్ననా అని రెండుసార్లు అడిగాడు. అవతల పురోహితుడికే జాలేసినట్టుంది.

"పోనీ, నిన్న ఆవిడ పేరు మీద ఎవరికైనా ఏమైనా పెట్టారా?"

"మలీద పెట్టించానండి. మంత్రం కూడా చదివారు."

"ఎవరు చదివారండీ?"

"సాజిద్ వాళ్ళ పెదనాన్న."



"ఆ మలీదలో ఏం వేస్తారండీ?"

"రొట్టె, బెల్లం, నెయ్యి."

"దోషం లేదు లెండి. మన పద్ధతిలో మాత్రం రాబోయే అమావాస్యకు పెట్టేయండి. ఇక దాటనివ్వకండి."

అమావాస్య రోజున సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఆ తేదీ వేసింది వీరరాఘవులే. దాన్ని మార్చమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆయనతో సహా.